2013 నుంచీ షెడ్డులో ఉన్న 1978 బుల్లెట్: ఇంట్లోనే ఎలా బాగు చేసుకోవాలి

మీరు రాసింది క్లుప్తంగా ఇది. ఇల్లు విశాఖపట్నంలో సముద్రం పక్కనే ఉన్న లాసన్స్ బే కాలనీలో. నాన్నగారి 1978 బుల్లెట్ 350, ఆయన పోయిన 2013 నుంచీ పెరట్లో రేకుల షెడ్డులో టార్పాలిన్ కింద ఉంది. కిక్ దిగడం లేదు. చూడ్డానికి వచ్చిన మెకానిక్ మొత్తం విప్పేసి ఫ్రేముకి పౌడర్ కోటింగ్, కొత్త ట్యాంకు, కొత్త క్రోము వేద్దామన్నాడు. ఆదివారాలు ఇంటి దగ్గరే మీ చేత్తో చేసుకోగలరా, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతవుతుంది అని అడిగారు.

చేసుకోగలరు. నేను పెదవాల్తేరులో ఉంటాను. ఇరవై రెండేళ్ళుగా పాత బళ్ళ మీద పని చేస్తున్నాను. నాలుగు బుల్లెట్లు, రెండు యెజ్డీలు, ఒక రాజ్‌దూత్ నా చేతుల మీదుగా మళ్ళీ రోడ్డెక్కాయి. అన్నీ చేశాక మీకు గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే: రంగు ఆఖరి పని. ముందు ఇంజిన్ తిరగాలి, తర్వాత బండి ఆగాలి, తర్వాత దీపాలు వెలగాలి. రంగు సంగతి ఆ తర్వాతే.

నా మొదటి బుల్లెట్‌కి నేను ఇది తలకిందులుగా చేశాను. జులైలో బండి మొత్తం విప్పి, ఫ్రేముకి, మడ్‌గార్డులకి శాండ్ బ్లాస్టింగ్ చేయించి సాయంత్రం ఇంటికి తెచ్చాను. వాన మొదలైందని వరండాలో పెట్టి, ప్రైమర్ పొద్దున్న కొడదామనుకున్నాను. తెల్లారేసరికి ఇనుమంతా పసుపు చల్లినట్టు నారింజ రంగు పొడి. ఎమెరీ పేపరుతో పైపైన రుద్ది, దాని మీదే ప్రైమర్, దాని మీద నల్ల రంగు కొట్టాను. ఏడాది తిరక్కుండానే మడ్‌గార్డు అంచుల వెంట పొక్కులు లేచాయి. గోరుతో గీకితే రంగు పెచ్చులుగా ఊడింది, కింద మళ్ళీ తుప్పు.

మన ఊళ్ళో గాలితో ఉప్పు వస్తుంది. ఆ ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది కాబట్టి ఇనుము ఆరినట్టు కనిపించినా ఆరదు. పైగా తుప్పు గుంటల్లో ఉప్పు ఉండిపోతే పైన ఎంత మంచి రంగు వేసినా కింద పని జరుగుతూనే ఉంటుంది. హైదరాబాదులో ఒక రాత్రి బయట పెట్టినా పెద్దగా ఏమీ కాని ఇనుము లాసన్స్ బేలో కొన్ని గంటల్లోనే రంగు మారుతుంది. అందుకే ఇంటర్నెట్‌లో వేరే ఊళ్ళ వాళ్ళు చెప్పే పద్ధతుల్ని మనం ఉన్నదున్నట్టు పాటించలేం. మీరు మొదట చేయాల్సింది ఆ టార్పాలిన్ తీసేయడం. అది వానని ఆపుతుంది గానీ లోపలి తేమని బయటికి పోనివ్వదు. దాని బదులు పాత నూలు దుప్పటి కప్పండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కూడా ఈ బండి ఆ షెడ్డులోనే ఉంది కాబట్టి, పని మొదలుపెట్టే ముందు మంచినీళ్ళతో మెల్లగా మొత్తం కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. సైలెన్సర్ నోటికీ, కార్బురేటర్ నోటికీ గుడ్డ కుక్కడం మర్చిపోకండి.

పాన పట్టుకునే ముందు కాగితాలు. ఫ్రేము నంబరు హ్యాండిల్ కింద ఫ్రేము తల దగ్గర, ఇంజిన్ నంబరు ఇంజిన్ కేసు మీద ఉంటాయి. రెండింటికీ పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీసి ఆర్సీతో పోల్చండి. ఆ రెండు చోట్ల గ్రైండరు గానీ బ్లాస్టింగ్ గానీ తగలకూడదు. పౌడర్ కోటింగ్ మందంగా పడి నంబరుని పూడ్చేస్తుంది, అప్పుడు మాధవధార ఆర్టీఏ ఆఫీసులో ఇన్‌స్పెక్టర్‌కి చూపించడానికి ఏమీ మిగలదు. బండి ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంటే, యజమాని చనిపోయాక వారసుల పేరు మీదికి మార్చడానికి ఫారం 31 ఉంటుంది. రిజిస్ట్రేషన్ మొదటి 15 ఏళ్ళ తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించాలి, దానికి ఫారం 25. పాత బళ్ళ మీద వేసే గ్రీన్ ట్యాక్స్ బకాయి కూడా ఉండొచ్చు. ఆర్సీ కనబడకపోతే ఆ వెతుకులాట ఇప్పుడే మొదలుపెట్టండి. బండి మొత్తం తయారయ్యాక కాగితాల దగ్గర ఆగిపోయిన వాళ్ళని నేను చూశాను, ఆ బాధ చెప్పలేనిది.

చాలామంది వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి అడుగుతారు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు నిండి, అసలు రూపంలోనే ఉన్న బళ్ళకి వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. 1978 బండికి 2028లో గానీ ఆ అర్హత రాదు. వచ్చినా ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, రిపేరుకి తప్ప మామూలుగా రోడ్డు మీద తిరగకూడదు. నాన్నగారి బండి మీద మీరు తిరగాలనుకుంటున్నారు కాబట్టి మామూలు రిజిస్ట్రేషన్‌నే బతికించుకోండి.

ఇక కిక్ దిగకపోవడం. ముందు పట్టేసింది ఏదో తెలుసుకోవాలి. బండి న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ లివర్ పూర్తిగా నొక్కి, కిక్‌ని చేత్తో కిందికి తోయండి. దిగితే గేరుబాక్సు బాగానే ఉంది, పట్టేసింది ఇంజినే. దిగకపోతే క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉండొచ్చు, లేదా గేరుబాక్సు వైపు చూడాలి. ఏదైనా సరే, కిక్ మీద నిలబడి బరువంతా వేయకండి. లోపల పళ్ళు విరిగితే ఇవాళ లేని ఖర్చు రేపు వస్తుంది.

ఇంజినే పట్టేసిందనుకుందాం. ప్లగ్ విప్పి, డీజిల్, పల్చటి ఆయిల్ సగం సగం కలిపి ఆ కంతలోంచి రెండు మూడు చెంచాలు పోయండి. కంతకి గుడ్డ పెట్టి వారం వదిలేయండి. రెండు రోజులకోసారి చూసి, ఇంకిపోతే మళ్ళీ పోయండి. తర్వాత బండిని సెంటర్ స్టాండ్ మీద నాలుగో గేరులో పెట్టి, వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ కొద్దిగా ఊపండి. తిప్పేయాలని చూడకండి, ఊపడమే. రోజూ ఐదు నిమిషాలు చాలు. ఒక రోజు అర అంగుళం కదులుతుంది, ఆ క్షణం మీకే తెలుస్తుంది. మూడు వారాలైనా కదలకపోతే హెడ్డు, బ్యారెల్ దించాల్సిందే. ప్లగ్ కంతలో రాడ్ పెట్టి సుత్తితో కొట్టే ఆలోచన ఎవరిచ్చినా వినకండి.

కదిలినా నేనైతే హెడ్డు, బ్యారెల్ దించి చూస్తాను. ఈ ఇంజిన్ బ్యారెల్ పోత ఇనుము. రింగులు ఇన్నేళ్ళు ఒకే చోట ఆగి ఉన్నాయి కాబట్టి అక్కడ గోడ మీద తుప్పు వలయం ఉంటుంది. వేలి గోటికి అది తగలకపోతే హోనింగ్ (గోడని సన్నగా గీరి నునుపు చేయడం), కొత్త రింగులతో సరిపోవచ్చు. తగిలితే బోరింగ్ (కంతని కొంచెం పెద్దది చేయడం) చేయించాలి. స్టాండర్డ్ బోరు 70 మిల్లీమీటర్లు. ఇక్కడ ఒక క్రమం తప్పకూడదు: ముందు ఓవర్‌సైజు పిస్టన్ కొనండి, ఆ పిస్టన్ చేతిలో పెట్టి దానికి తగ్గట్టు బ్యారెల్ బోరు చేయమనండి. నా రెండో బండికి ఒక లేత్ షాపులో పిస్టన్ చూడకుండానే, సైజు నోటితో అడిగి బోరు చేసేశారు. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ డబ్బాలో గోళీ వేసి ఊపినట్టు చప్పుడు. చివరికి బ్యారెల్ లోపల స్లీవ్ (కొత్త ఇనుప గొట్టం) వేయించాల్సి వచ్చింది. గాజువాక ఆటోనగర్‌లో లేత్ పనివాళ్ళు చాలామందే ఉన్నారు. మైక్రోమీటరు తీసి కొలిచి, ఆ అంకె కాగితం మీద రాసి ఇచ్చేవాళ్ళ దగ్గరికే వెళ్ళండి. ఇంకో మాట. షిప్‌యార్డులో, డాక్‌యార్డులో, స్టీల్ ప్లాంటులో పని చేసి రిటైరైన ఫిట్టర్లు, టర్నర్లు ఈ ఊళ్ళో ప్రతి కాలనీలో ఉంటారు. మీ వీధిలో ఒక పెద్దాయన దొరికితే టీ ఇచ్చి బ్యారెల్ చూపించండి. నాకు వాల్వ్ లాపింగ్ (వాల్వుని దాని సీటు మీద పేస్టుతో అరగదీసి అతికేలా చేయడం) నేర్పింది అలాంటి ఒక బాబాయే. రబ్బరు కప్పు పుల్లని రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పమని చేయి పట్టుకుని చూపించారు.

బ్యారెల్ దించినప్పుడు కనెక్టింగ్ రాడ్డుని పట్టుకుని పైకీ కిందికీ లాగి చూడండి. పక్కలకి కొద్దిగా ఊగడం మామూలే. పైకీ కిందికీ ఏమాత్రం ఆట ఉండకూడదు. ఆ ఆట లేనప్పుడు క్రాంక్ కేసుని విడదీయకండి. బాగున్న క్రాంకుని అనవసరంగా తెరవడం ఇంట్లో పని చేసేవాళ్ళు చేసే ఖరీదైన తప్పు.

విప్పేటప్పుడు ప్రతి దశకీ ఫోన్‌తో ఫోటో తీయండి, బోల్టులు వచ్చిన చోటు రాసిన చిన్న కవర్లలో వేయండి. కార్బురేటర్ జెట్లు, పిన్నుల లాంటి చిన్నవాటికి నేను పాత ఇడ్లీ ప్లేటు వాడతాను, ఒక్కో గుంటలో ఒక్కో ముక్క, విప్పిన వరసలో. ఈ కాలపు బుల్లెట్లలో చాలా మరలు ఇంగ్లండు కొలతలవి. మీ దగ్గరున్న మిల్లీమీటరు పానాలు కొన్నింటికి పట్టినట్టే పట్టి తలలు అరగదీస్తాయి. పాత కొలతల రింగ్ స్పానర్ల సెట్టు ఒకటి కొనుక్కోండి. పోయిన బోల్టు స్థానంలో దగ్గరగా ఉందని మిల్లీమీటరు బోల్టు బిగించకండి, అల్యూమినియం కేసులో మర ఊడి వచ్చేస్తుంది.

జెట్లు శుభ్రం చేయడానికి స్టీలు తీగ వాడొద్దు, రంధ్రం పెద్దదైపోతుంది. ఫిషింగ్ హార్బర్ దగ్గర అమ్మే సన్నటి నైలాన్ గేలపు దారం దీనికి సరిగ్గా సరిపోతుంది.

ట్యాంకు కొత్తది కొనమన్న మాటకి నేను ఒప్పుకోను. నాన్నగారి ట్యాంకు చిల్లులు పడితే తప్ప అదే ఉండాలి. మిగిలిన పెట్రోలు తీసేసి, గుప్పెడు నట్లు వేసి బాగా కదిపి, వదులైన తుప్పు దులపండి. తర్వాత వంటింటి వెనిగరు గానీ వేడినీళ్ళలో కలిపిన నిమ్మ ఉప్పు గానీ నింపి ఒకటి రెండు రోజులు ఉంచండి. పారబోశాక వంట సోడా నీళ్ళతో, ఆ తర్వాత మంచినీళ్ళతో కడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో వెంటనే ఆరబెట్టండి. పెట్రోలు వాసన ఏమాత్రం ఉన్నా డ్రయ్యర్ దగ్గరికి తేకండి. ఆరిన నిమిషం నుంచే లోపల మళ్ళీ తుప్పు మొదలవుతుంది కాబట్టి, టూటీ ఆయిల్ (టూ-స్ట్రోక్ బళ్ళలో పోసేది) ఒక వంద మిల్లీలీటర్లు పోసి గోడలన్నిటికీ అంటేలా తిప్పండి. మురియాటిక్ యాసిడ్ మాత్రం వాడకండి. అందులో క్లోరైడ్ ఉంటుంది, అతుకుల్లో మిగిలిపోతే సముద్రపు ఉప్పు చేసే పనే చేస్తుంది. దాని మూత తీసి పెట్టిన గదిలో పానాలు కూడా తుప్పు పడతాయి. చిల్లుకి వెల్డింగ్ కావాలంటే ఇంట్లో వద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరికి ప్రాణం తీసేంత బలం ఉంది. ఆ పని రోజూ చేసేవాడికే ఇవ్వండి.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమని లాక్కుంటుంది, పాత రబ్బరుని, కార్కుని ఉబ్బేలా చేస్తుంది. అందుకని పెట్రోలు పైపు, ట్యాప్ వాషర్లు, కార్బురేటర్ సీళ్ళు అన్నీ కొత్త రకానివి వేయండి. రెండు వారాలు బండి తీయనప్పుడు ట్యాప్ కట్టేసి, కార్బురేటర్‌లో పెట్రోలు ఖాళీ చేయండి.

ఆయిల్ సంగతి ఈ బండిలో ప్రత్యేకం. చాలాకాలం నిలబెడితే ఇంజిన్‌లోని ఆయిల్ ట్యాంకులో ఉండాల్సిన ఆయిల్ పంపు గుండా మెల్లగా జారి క్రాంకు కిందికి చేరుతుంది. కాబట్టి రెండు డ్రెయిన్ బోల్టులూ విప్పి మొత్తం తీసేయండి, ఫెల్ట్ ఫిల్టర్ మార్చండి, 20డబ్ల్యు-50 పోయండి. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ప్లగ్ విప్పేసి ముప్పై నలభై సార్లు కిక్ కొట్టి ఆయిల్ తిరిగేలా చేయండి. స్టార్ట్ అయిన వెంటనే హెడ్డు మీద రాకర్ దగ్గర ఆయిల్ పైపుని పట్టి ఉంచే బాంజో బోల్టు కొద్దిగా వదులు చేస్తే ఆయిల్ ఊరుతూ రావాలి. రాకపోతే ఆ క్షణమే ఆపేయండి.

సీబీ పాయింట్ (విచ్చుకున్నప్పుడు ప్లగ్‌లో స్పార్క్ పుట్టించే స్విచ్) గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, ఫీలర్ గేజ్‌తో చూడండి. కండెన్సర్ ఎలాగూ కొత్తది వేయండి. స్పార్క్ టైమింగ్ 350కి, అడ్వాన్స్ పూర్తిగా వెనక ఉన్నప్పుడు, పిస్టన్ పైకొసకి 0.8 మిల్లీమీటర్ల ముందు పాయింట్ విచ్చుకోవాలి. పాయింట్ల మధ్య పల్చటి కాగితం పెట్టి లాగుతూ ఉంటే, అది ఎక్కడ జారి వస్తుందో అక్కడ విచ్చుకున్నట్టు. టాపెట్లకి (వాల్వుల సందు సర్దే చోటు) గేజ్ అక్కర్లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, కంప్రెషన్ మీద పిస్టన్ పైన ఉండగా, పుష్‌రాడ్ వేళ్ళతో తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు.

స్టార్ట్ చేసే పద్ధతి నాన్నగారిని చూసి మీకు గుర్తుండే ఉంటుంది. కీ వేసి, కిక్‌ని మెల్లగా నొక్కుతూ యామీటర్ ముల్లు మధ్యకి వచ్చేదాకా తేవాలి. అప్పుడు డీకంప్రెసర్ (ఇంజిన్‌లోని ఒత్తిడిని వదిలేసే లివర్) పట్టి కిక్‌ని కొంచెం దాటించి, వదిలి, పైనుంచి ఒక్కటే పూర్తి తన్ను. టైమింగ్ ముందుకి ఉంటే కిక్ ఎదురుతన్ని చీలమండ దెబ్బతింటుంది. చెప్పులతో ఎప్పుడూ కొట్టకండి.

బ్రేకుల దగ్గర పొదుపు వద్దు. పాత లైనర్లు షూ మీద నుంచి ఊడిపోతాయి, రెండు చక్రాలకీ కొత్త లైనర్లు వేయించండి. డ్రమ్ములో ఉన్న పొడిని గాలి కొట్టి ఊదకండి. ఆ కాలపు లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి కవర్లో కట్టి పారేయండి. టైర్లకి గాట్లు ఎంత బాగున్నా మార్చాల్సిందే, సైజు 3.25-19. వైరింగ్ పాతది పెళుసుబారి ఉంటుంది, కొసల్లో రాగి పచ్చగా మారి ఉంటుంది. పాతదాన్ని నేల మీద పరిచి, కొలతకి కొలత కొత్తది చేసుకోండి, బ్యాటరీ దగ్గర ఒక ఫ్యూజు కలపండి. సిక్స్ వోల్టే ఉంచండి, కనెక్షన్లు శుభ్రంగా ఉంటే దానికి చాలినంత వెలుగు వస్తుంది.

ఇప్పుడు ఆరేడు వందల కిలోమీటర్లు ఉన్న రంగుతోనే తిరగండి. ఎక్కడ ఆయిల్ కారుతుందో, ఏది మళ్ళీ విప్పాలో ఈ తిరుగుడులోనే తెలుస్తుంది. కొత్త రంగు వేశాక ఇంజిన్ దించితే ఫ్రేము గీరుకుంటుంది. కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు కాబట్టి, మొదట ఖాళీ గ్రౌండులో అలవాటు చేసుకోండి. కంగారులో కాలు పాత అలవాటు ప్రకారమే పోతుంది. కొత్త పిస్టన్ వేస్తే మొదటి 500 కిలోమీటర్లు గంటకి 50 దాటకుండా, భీమిలి రోడ్డు మీద తెల్లవారుజామున వెళ్ళి రండి. కైలాసగిరి ఎక్కడం, అనంతగిరి ఘాట్ ఆ తర్వాత.

అప్పుడు రంగు. మన ఊళ్ళో సంక్రాంతికి ముందూ వెనకా, అంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, ఈ పనికి మంచి కాలం. వానాకాలంలో కొడితే థిన్నర్ ఆరేటప్పుడు రేకు చల్లబడి, గాలిలో తేమ దాని మీద దిగి, నల్ల రంగు మీద పాలపొర కమ్ముతుంది. బ్లాస్టింగ్ చేసిన రోజే, సాధ్యమైతే ఆ పూటే, ఎపాక్సీ ప్రైమర్ పడాలి. పెయింటరూ బ్లాస్టింగ్ వాళ్ళూ ఒకే చోట ఉంటే మేలు. టూకే పెయింటు (హార్డెనర్ కలిపి కొట్టే రంగు) ఇంట్లో కొట్టకండి. దాని హార్డెనర్ ఊపిరితిత్తులకి చేసే హాని మామూలు మాస్కుతో ఆగదు. ఫ్రేము గొట్టాల లోపలికి, మడ్‌గార్డుల అడుగున, టూల్ బాక్సు మూలల్లో క్యావిటీ వ్యాక్స్ (తుప్పు పట్టకుండా లోపలికి చిమ్మే మైనం) కొట్టించండి. బయటి రంగు కన్నా ఇదే బండిని ఎక్కువ కాలం కాపాడుతుంది.

అన్నిటికీ రంగు వేయాలా అంటే, నేను వేయను. ట్యాంకు మీది బంగారు గీతలు ఫ్యాక్టరీలో ఒక మనిషి కుంచెతో గీసినవి. కొంచెం చెరిగినా అవి అలాగే ఉంటే బాగుంటుంది. క్రోము మీద పైతుప్పయితే అల్యూమినియం ఫాయిల్‌ని నీళ్ళలో తడిపి రుద్దండి, సగం పైగా పోతుంది. మిగిలినదానికి మైనం రాయండి. రాగి, నికెల్ పొరలు కూడా పోయి గుంటలు పడ్డవాటికే కొత్త ప్లేటింగ్. కిక్ రబ్బరు ఒకవైపు అరిగి ఉందేమో చూడండి. అది నాన్నగారి కుడికాలు అరగదీసినది. కొత్తది పది నిమిషాల్లో దొరుకుతుంది, అది మాత్రం దొరకదు. నేనైతే దాన్ని తీయను.

ఖర్చుకి కచ్చితమైన అంకె బ్యారెల్ చూడకుండా ఎవరూ చెప్పలేరు. ఎక్కువ పోయేది లేత్ పనికీ, క్రోముకీ, రంగుకీ. వేసుకున్న లెక్కకి సగం కలిపి చేతిలో ఉంచుకోండి. వరస పాటిస్తే ఖర్చు ఒక్కసారి మీద పడదు, నెలకి కొంత చొప్పున పోతుంది. ఆదివారాలు మాత్రమే అయితే ఏడాది పైన పడుతుంది. నాకు నాలుగో బుల్లెట్‌కి కూడా పద్నాలుగు నెలలు పట్టింది.

ఈ ఆదివారం మూడు పనులు చేయండి. టార్పాలిన్ తీసి బండిని కడగండి, రెండు నంబర్ల ప్రింటు తీయండి, ప్లగ్ విప్పి ఆయిల్ పోయండి. ప్లగ్ కొస పొడిగా తుప్పు రంగులో ఉందా, నల్లగా జిడ్డుగా ఉందా చూసి నాకు రాయండి. తుప్పు రంగులో ఉంటే లోపలికి నీళ్ళు పోయినట్టే, అప్పుడు మూడు వారాలు ఆగకుండా ముందే హెడ్డు దించుదాం.